గట్టు దాకా పాట

“అర్థం తర్వాతప్పా, ముందు నోరు పట్టల్ల. నోరు పట్టినాక అర్థం అదే వస్తాది యెనకాల. ఈ లైను చూడు. ‘పరలోక నివాస ప్రాప్తి.’ కాయితం మీద బాగుంది. తీస్కపోయి వీరమ్మ నోట్లో పెట్టు, ఏమైతాదో చూద్దువు.”

వీరమ్మ గడప మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అంది: “నా నోట్లో ఏంటికన్నా? నాకుండేవే నాలుగు పండ్లు. నీ ప్రాప్తికి అవి గూడ రాలిపోతాయి.”

“ఇన్నావా?” అని హుసేనప్ప సార్ నవ్వి, ఆ లైను కొట్టేశారు.

ఎమ్మిగనూరులో మగ్గాల వీధి దాటాక వచ్చే సందులో ఆయన ఇల్లు. ముందు గది సగం హార్మోనియం, సగం కాగితాలు. బళ్ళో పంతులుగా చేసి రిటైరయ్యారు. కన్నడం నుంచి, ఇంగ్లీషు నుంచి క్రైస్తవ కీర్తనలు తెలుగులోకి తెచ్చారు. చుట్టుపక్కల పల్లెల చర్చిల్లో ఆదివారం పాడే పాటల్లో చాలా వరకు ఆయనవే, అయితే పాడేవాళ్ళలో సగం మందికి ఆ సంగతి తెలియదు. నేను ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో మోటర్లు బాగుచేస్తాను. సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. మా మిల్లులో పనిచేసే ఆయన పోతే మట్టికి వెళ్ళాను. అక్కడ పూడ్చే గుంత చుట్టూ నిలబడి ఆడవాళ్ళు ఒక పాట పాడారు. ఎవరు కట్టారమ్మా అని అడుగుతూ అడుగుతూ ఈ గడప దాకా వచ్చాను. అప్పటి నుంచి సెలవు దొరికిన ప్రతి ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కుతున్నాను.

ఆయన పని చేసే తీరు అర్థం కావాలంటే ఆ చర్చిల్లో పాట పాడే తీరు తెలియాలి. ముందు ఒకరు లైను అందిస్తారు. మిగతావాళ్ళు దాన్నే తిరిగి పాడతారు. చదువు రానివాళ్ళు ఎక్కువ. వచ్చినా, చలికాలం వస్తే ఇంటిల్లిపాదీ సుగ్గికి పోతారు, గుంటూరు దిక్కు మిరపకాయలు కోసే కూలికి. పాటల పుస్తకం తాళం వేసిన ఇంట్లో ఉండిపోతుంది. పాట మాత్రం వాళ్ళతో లారీ ఎక్కి పోవాలి. అందుకని లైను ఒక్క ఊపిరిలో రావాలి, చెవి ఒక్కసారి విని పట్టుకోగలిగినంతే ఉండాలి. కొత్త లైను రాసిన ప్రతిసారీ సార్ పక్కింటి వీరమ్మను పిలుస్తారు. ఆమె కలుపు తీస్తూ పెరిగిన మనిషి. తడబడితే లైను పోతుంది. తడబడకుండా పాడి, “ఇది బాగలేదు” అన్నా పోతుంది.

“ఈమెకు జీతం ఇయ్యల్ల నేను,” అంటారాయన.

“జీతమొద్దులే. నా మట్టికి మంచి పాట పాడు, సాలు.”

“నీ కన్నా ముందు నేనే పోతాను గదమ్మా.”

“నువ్వు పోతే లైనెవరు అందిస్తారు? ఊరకుండన్నా.”

హుసేనప్ప అనే పేరున్న క్రైస్తవుడు ఏమిటని కొత్తవాళ్ళు అడుగుతారు. ఈ ప్రాంతంవాళ్ళు అడగరు. ఆయన అమ్మ హాలహర్వి వైపు మనిషి. ఇద్దరు బిడ్డలు పుట్టి పోయాక మొహర్రం పీర్లకు మొక్కుకుంది, మూడోవాడు నిలిస్తే నీ పేరే పెడతానని. నిలిచాడు. తర్వాత ఆ ఇల్లంతా బాప్తిస్మం తీసుకుంది. పాస్టరు యోహాను అని పేరు పెట్టాడు. చర్చి పుస్తకంలో తప్ప ఆ పేరు ఎవరి నోటా లేదు. ఆమె ఆదివారం చర్చికి పోయేది, పీర్ల పండుగకు కొడుకు చేతిలో బెల్లం, ఊదు పెట్టి పీర్లను నిలిపే చావిడికి తీసుకుపోయేది. “ఏందమ్మా, రెండు పక్కల?” అని పాస్టరు అడిగితే, “మాట ఇచ్చినాను గద స్వామీ. మాట తప్పమని యేసయ్య చెప్పినాడా?” అందట.

ఆమెకు కన్నడ కీర్తనలు వచ్చు. రొట్టెలు తడుతూ పాడేది. సార్ చెవికి మొదట పడ్డ సంగీతం అది. తర్వాత హాస్టల్లో వార్డెన్ భార్య హార్మోనియం నేర్పింది, స్వరాలు రాసుకునే పద్ధతి చెప్పింది. ఆ పద్ధతి చేతికి వచ్చాక ఈయన ఊరుకోలేదు. ఏ ఊరి బడికి బదిలీ చేస్తే ఆ ఊరి పాటలకు స్వరం రాసుకున్నారు. కలుపు పాట, విసుర్రాయి పాట, భజన, పీర్ల పాట, ఏదీ వదల్లేదు. కన్నడ కీర్తన తెలుగులోకి వచ్చేటప్పుడు దాని వరసను అక్కడే వదిలేసి, ఈ పొలాల్లోని వరస ఒకటి తెచ్చి తొడుగుతారు.

“వీటికి రాగం పేర్లు లేవా సార్?” అని ఒకసారి అడిగాను.

“పేర్లు పెట్టేటోళ్ళు ఈ దావన రాలేదప్పా,” అన్నారు.

నేను మట్టి దగ్గర విన్న పాట ఆయన మొదటి అనువాదం. అమ్మ పాడిన కన్నడ కీర్తనే. ఆమె చనిపోయిన ఏడాదే చేశారు.

*పొద్దు గుంకిపాయె తండ్రీ, చేను మిగిలెను*
*చెయ్యి పట్టి గట్టు దాటి ఇల్లు చేర్చుమా*

దీని వరస ఆదోని పీర్ల చావిడిలోది. పాడేది రసూల్ సాబ్, పరుపులు కుట్టే ఆయన. పండుగ చివరి రోజు పీర్లు నీళ్ళకు బయలుదేరేటప్పుడు ఆయన వంశంవాళ్ళే ఒక శోకగీతం పాడాలి. సార్ అప్పుడు ఆదోని బళ్ళో పంతులు. అమ్మ పోయినా ఆమె మొక్కు ఆపకుండా బెల్లం పట్టుకుని పోయారు. పాట విని, మరుసటి రోజు పరుపుల అంగడికి పోయి, “ఈ వరస నాకియ్యి,” అని అడిగారు.

“వరస ఏమన్నా దిండా, సంకలో పెట్టుకోని పోయేకి?” అన్నాడట రసూల్ సాబ్. “తీస్కపో. ఎవరొద్దన్నారు? కానీ చూసుకో. అది దిగదు.”

దిగదు అంటే, పాట చివర కింది స్వరానికి రాదు. ఏ పాటైనా తిరిగి తిరిగి చివరికి మొదలైన చోటికి వచ్చి కూర్చుంటుంది. ఈ పాటను పైనే ఆపేస్తారు. పీర్లు ఈ ఏటికి పోతున్నాయి, వచ్చే ఏటికి మళ్ళీ వస్తాయి. దుఃఖం ముగియలేదు, పాట కూడా ముగియకూడదు. రసూల్ సాబ్ తండ్రి దించలేదు, తాత దించలేదు.

సార్ దించారు. “ఇల్లు చేర్చుమా” అన్నచోట వరసను మెల్లగా కిందికి తెచ్చి కూర్చోబెట్టారు. అందుకే ఆ పాట అంతమందికి నచ్చింది. గుంత దగ్గర ఏడ్చేవాళ్ళు ఆ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఊపిరి వదులుతారు. నేను కూడా ఆ రోజు అలాగే వదిలాను.

ఆ తర్వాత ఇద్దరూ గట్టి స్నేహితులయ్యారు. బదిలీలు ఎన్ని అయినా రాకపోకలు ఆగలేదు. సార్ భార్య బసమ్మ రసూల్ సాబ్‌ను అన్నా అనేది. ఆమె పోయినప్పుడు ఆయన, ఆయన భార్య జొహరాబీ మొదటి బస్సుకే వచ్చారు. మట్టి దగ్గర అందరూ ఆ పాటే పాడారు. అయిపోయాక రసూల్ సాబ్ సార్ చెయ్యి పట్టుకుని, ఏమీ అనకుండా, నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అంతే. మళ్ళీ ఎమ్మిగనూరు రాలేదు. సార్ ఆదోని పోతే అంగడిలో కూర్చోబెట్టి టీ తెప్పిస్తాడు, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడతాడు. పాట మాట ఎత్తితే లేచి దూది సర్దుతాడు.

“కోపం వచ్చిందప్పా ఆయప్పకు,” అనేవారు సార్. “ఎవరి పాటో దించి పాడిస్తాంటే రాదా? అడిగేకి నాకు మొగం లేదు.”

కిందటి ఏడు పాస్టరు ఉమేష్ సార్ పాటలన్నీ ఒక పుస్తకంగా వేద్దామన్నాడు. ప్రతి పాట మీద వరస ఎవరిదో ఉండాలని సార్ పట్టుబట్టారు. కలుపు పాటలు ఇచ్చిన ఆడవాళ్ళ పేర్లన్నీ రాశారు. ఈ పాట దగ్గర ఆగిపోయారు.

“నువ్వు ఆదోనోనివే కద, పో,” అన్నారు నాతో. “రసూల్ సాబ్ వరస అని వేసుకోవచ్చునా, అడిగిరా. వద్దంటే పాటే తీసేస్తా.”

పోయాను. అంగడిలో రసూల్ సాబ్ గడ్డానికీ కనుబొమ్మలకీ దూది పట్టి ఉంది.

“హుసేనప్ప పంపినాడా? కూర్చో బేటా. దాని మీద కాదు, అది పెండ్లి పరుపు.”

సంగతి చెప్పాను. ఆయన సూది ఆపలేదు. “పాట వేస్కోమను. నా పేరు నక్కో.”

వెనక గదిలోంచి జొహరాబీ వచ్చింది. “ఎందుకొద్దో అది గూడ చెప్పు. పిల్లోడు ఇంత దూరం వచ్చినాడు.”

“నువ్వు లోపలికి పో.”

“నేను లోపలే ఉన్నా ఇన్నేండ్లు. ఇను నాయనా, ఈయప్ప పాడడు. చావిడిలో పాడేది మానుకొని ఖాజాకు ఇచ్చేసినాడు. ఈయప్ప అన్న కొడుకు ఖాజా. వాని గొంతు మేకపిల్ల గొంతు. ఊరంతా నవ్వుతాంది.”

“మేకపిల్లయితేనేమి? వాడు దించడు,” అన్నాడు రసూల్ సాబ్.

అప్పుడు సూది పరుపులో గుచ్చి, చెప్పాడు.

“బసమ్మ మట్టి రోజు నేను గూడ లోపల్లోపల పాడినా. ఆఖర్న అందరూ దించినారు కద. ఎంత సుఖమనిపించిందో తెల్సా? నెత్తి మీది మూట ఎవరో పట్టుకోని దించినట్ల. ఆ యేడు పండగలో పీర్లు లేచినాయి. పాడినా. ఆఖరికొచ్చేతలికి నా గొంతు దానంతట అది దిగిపాయె. మాటలు మా నాయనవే, దిగేది హుసేనప్పది. జనం యాడోళ్ళు ఆడ నిలబడిపోయినారు. ఒక ముసలాయన అన్నాడు, ‘ఏమి రసూల్, అయిపోగొట్టినావే?’ అని. ఇంటికొచ్చి తలుపేసుకోని పాడి చూసినా. దిగుతాది. తెల్లారి పాడినా, దిగుతాది. ఇంగ ఏం చేసేది? ఖాజాకు ఇచ్చినా.”

“సార్ మీద కోపమా?”

“కోపమేంటికి? ఆయప్ప మంచి పాట చేసినాడు. అదే కద కష్టం. యెమ్మిగనూర్ పోతే యాడో ఒక చోట అది ఇనబడతాది. మల్ల ఇంటే ఉండేది గూడ పోతాది. అందుకే పోను. ఈ మాట ఆయప్పకు చెప్పొద్దు.”

“చెప్పు,” అంది జొహరాబీ. “పోయి చెప్పు. ఇద్దరూ టీలు తాగుతా మోకాళ్ళ కత చెప్పుకుంటాండారు, సిగ్గులేకుండ.”

నేను జొహరాబీ మాటే విన్నాను. చెప్పాను. సార్ హార్మోనియం మూత వేసేశారు.

“తెలిసే దించినానప్పా నేను. తెలియక కాదు. ‘దిగదు’ అని ఆయప్ప చెప్పనే చెప్పినాడు. ఏమంటే, మా అమ్మ కద. మా అమ్మను దావలో నిలబెట్టేకి మనసొప్పలేదు. ఇల్లు చేర్చేయల్ల అనుకున్నా. నా అమ్మను చేర్చేకి ఆయప్ప నాయన పాట తెంపినా.”

ఆ తర్వాత నాలుగైదు ఆదివారాలు ఆ ఇంట్లో వేరే పని లేదు. పాట తీసేస్తానంటే పాస్టరు ఉమేష్ ఒప్పుకోలేదు. “అది లేకుండ పుస్తకం వేస్తే జనం నన్ను కొడతారు సార్,” అన్నాడు. వేరే వరస పెట్టి చూశారు, వీరమ్మ వద్దంది. చివరికి సార్ రసూల్ సాబ్ వరస ఎలా ఉందో అలాగే తీసుకుని, పైన ఆపేలా పాడించి చూశారు.

“ఈడ ఆపు వీరమ్మా. ‘చేర్చుమా’ పైననే ఆపు.”

ఆమె పాడింది. దిగింది.

“దించొద్దంటి.”

“నేను దించలేదన్నా, అదే దిగింది. ఆడ కాలు పెట్టేకి చోటు లేదు. మెట్టు ఎక్కిచ్చి నిచ్చెన లాగేస్తే ఎట్ల?”

“మల్ల.”

“మల్లా అంతే. ‘ఇల్లు’ అంటే నోరు ఇంటికే పోతాది.”

ఆ మాట వినగానే సార్ కాగితం తీసుకుని చివరి రెండు మాటలు కొట్టేశారు.

*చెయ్యి పట్టి గట్టు దాటి...*

“ఇంతే. ఈడికే ఆపు.”

“ఇల్లు?”

“వద్దు.”

“గట్టు మీదనే వదిలేస్తావా మనిషిని? ఏం పాటన్నా ఇది, సగం ఉడికిన అన్నం లెక్క!”

ఆయనకూ నమ్మకం లేదు. పుస్తకం పని ఆపమని ఉమేష్‌కు చెప్పారు. మనిషి చిక్కిపోయారు. జరిగినదాన్ని వెనక్కి తిప్పడం కుదరదని, తన పాట రసూల్ సాబ్ గొంతులో అలాగే ఉండిపోతుందని ఒకటికి రెండుసార్లు అన్నారు.

అలా ఉండగా వీరమ్మ పెద్దన్న ఉచ్చీరప్ప పోయాడు. కోడుమూరు దోవలో ఉన్న పల్లె ఆయనది. ఆ రోజు ఆదివారమే కాబట్టి నేనూ సార్‌తో పాటు ఆటోలో వెళ్ళాను. ఎర్ర నేల, పక్కనే పత్తి చేను. పెట్టెను గుంతలోకి దించారు. ప్రార్థన అయింది. లైను అందించడానికి సార్ ముందుకు వచ్చారు.

మొదటి లైను ఇచ్చారు, జనం తిరిగి పాడారు. రెండోది, “చెయ్యి పట్టి గట్టు దాటి” అని పైన ఆపి, చెయ్యి ఎత్తి ఊరుకున్నారు.

జనం ఊరుకుంటారా? ఎన్నేళ్ళ అలవాటు. సగం మంది “ఇల్లు చేర్చుమా” అని దించేశారు. సగం మంది ఆయన చెయ్యి చూసి ఆగారు. అటూ ఇటూ కాని రొద అయింది. “సార్ మర్చిపోయినాడు పాపం, వయసైంది,” అని ఎవరో గుసగుసలాడారు. సార్ మొహం పాలిపోయింది. అయినా మళ్ళీ అదే అందించారు. “చెయ్యి పట్టి గట్టు దాటి...”

ఈసారి జనం పాడబోయేలోపు వీరమ్మ ముందుకు వంగింది. అందరికంటే గట్టిగా తానే ఆ లైను ఎత్తుకుని పైకి తీసుకుపోయి, అక్కడ ఆపి, గుప్పిట్లో ఉన్న మట్టి గుంతలో వేసింది.

పెట్టె మీద మట్టి పడ్డ చప్పుడు వినిపించింది.

ఎవరూ దించలేదు. పక్కనున్న ఆమె మట్టి వేసింది. తర్వాత ఇంకొకరు. పాట పైనే ఉంది, కింద మట్టి పడుతూనే ఉంది. సార్ మళ్ళీ లైను అందించారు, మళ్ళీ అందరూ అక్కడికే వచ్చి ఆగారు, మళ్ళీ పిడికిళ్ళు తెరుచుకున్నాయి. ఊపిరి వదలడానికి చోటు లేదు ఆ పాటలో. ఏడ్చేవాళ్ళు ఏడుస్తూనే ఉన్నారు. కానీ ఎవరూ ఏదో పోగొట్టుకున్నట్టు కూడా లేరు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వీరమ్మ చేతికి అంటిన ఎర్రమట్టి తుడుచుకోకుండా కూర్చుంది.

“అక్కడ మట్టి వేయాలని ఎలా తోచిందమ్మా?” అని అడిగాను.

“తోచేదేముందప్పా? మా అన్నను గట్టు దాకా నేను పిల్చుకపోతి. ఆడ నుంచి నా పని కాదు గద.” కొంచెం ఆగి, సార్ వైపు తిరిగింది. “ఇప్పుడు బాగుందన్నా పాట. వేస్కో పుస్తకంలో.”

ఆటో ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఆగింది. నేను ఆదోని బస్సు ఎక్కాలి. నాతో పాటు ఆయనా దిగారు, వీరమ్మను ఇంటికి పంపేశారు. బస్సు కోసం నిలబడ్డాం. నాకు తెలియకుండానే ఆ లైను కూనిరాగం తీస్తున్నాను.

“దించుతాండావు,” అన్నారాయన.

“క్షమించండి సార్. నాకు ఆగడం లేదు.”

“ఆగదులే. నీకు చెవి ఉంది కానీ గొంతు లేదప్పా, ఏమనుకోవద్దు.” చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను. నవ్వుతూనే ఏదో తోచినట్టు నా భుజం పట్టుకున్నారు. “రేపు మిల్లు అయిపోయినాక పరుపుల అంగడికి పో.”

“పోయి, పాట మారిందని చెప్పాలా?”

“ఏమీ చెప్పొద్దు. చెప్తే ఆయప్ప దూది సర్దుకుంటా కూర్చుంటాడు. నీకు పీర్ల పాట నేర్చుకునే పిచ్చి పట్టిందని చెప్పు. ఆయప్ప నాయన మాటలతోనే పాడు, నా నోటుబుక్కులోంచి నువ్వు ఎత్తి రాసుకున్నవి ఉండాయి కద. ఆఖర్న దించు.”

“దించకూడదు కదా సార్?”

“దించు. బాగా దించు, గుంతలో పడ్డట్టు. ‘అట్ల కాదురా’ అంటాడు. మల్లా దించు. ఆయప్ప వంశంలో ఎవరూ ఇంకొకరు తప్పు పాడుతుంటే ఊరికే కూర్చోలేదప్పా. నీకు నేర్పేకి తానే ఎత్తుకుంటాడు. తన కోసం పాడితే దిగిపోతాది ఆ గొంతు, నిన్ను సరిచేసేకి పాడితే దిగదు.” బస్సు వచ్చి ఆగింది. ఆయన నన్ను మెట్టెక్కించి, కిటికీ దగ్గరికి వచ్చి, కడ్డీ పట్టుకుని మళ్ళీ అన్నారు. “పండగ దాకా పో రోజూ. యిసుక్కున్నా పో. వచ్చేటప్పుడు జొహరాబీ టీ ఇస్తాది, తాగిరా. నాకేమీ చెప్పక్కర్లేదు. చావిడికి బెల్లం పట్టుకోని నేనే వస్తా, నేనే ఇంటా. పో.”